హైదరాబాదులో ఉంటూ భూకంపాల చదువెందుకంటున్న తండ్రికి

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఉంది. భూకంపం వస్తే రోడ్లు, వంతెనలు ఎంతవరకు తట్టుకుంటాయో అంచనా వేసే రంగంలో ఎంటెక్ చేస్తానంటోంది. హైదరాబాదులో భూకంపాలే రావు కదా! మా పక్కింటి అబ్బాయి ఆరు నెలల డేటా సైన్స్ కోర్సు చేసి మంచి జీతంలో ఉన్నాడు. ఈ రెండింటిలో ఏది మేలు? – ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: అమ్మాయికి ఉద్యోగం దొరకదేమోనన్నది మీ అసలు భయమని అర్థమవుతోంది కనుక ముందు దానికే జవాబు చెబుతాను. హైదరాబాదు భూకంప ప్రమాదం తక్కువగా ఉండే జోన్‌లో ఉన్న మాట నిజమే. అయినా 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం ఇక్కడ కూడా తెలిసింది. అంతకన్నా ముఖ్యంగా, ఇక్కడ కూర్చుని చేసే పని ఇక్కడి రోడ్ల గురించే కానక్కరలేదు. హిమాలయాల్లోని రహదారులకు, విదేశీ వంతెనలకు లెక్కలు కట్టే ఇంజనీర్లు ఈ నగరంలోనే ఉన్నారు.

2001లో భుజ్ భూకంపానికి సూరజ్‌బారి వంతెన దెబ్బతినడంతో కచ్‌లోకి సహాయం చేరడం కష్టమైంది. 2011లో సిక్కిం భూకంపానికి కొండచరియలు విరిగిపడి దారులు మూసుకుపోయాయి. ఒక్కో వంతెన ఏ స్థాయి కుదుపుకు ఎంతమేరకు దెబ్బతినే అవకాశముందో ఫ్రెజిలిటీ కర్వ్‌లనే గ్రాఫ్‌ల ద్వారా అంచనా వేయడం, ఆ వంతెన మూతపడితే అంబులెన్సు ఆసుపత్రికి చేరడానికి అదనంగా ఎంతసేపు పడుతుందో లెక్కించడం, ఉన్న డబ్బుతో ముందుగా దేన్ని పటిష్ఠం చేయాలో తేల్చడం మీ అమ్మాయి కోరుకుంటున్న పని. ఇందుకు స్ట్రక్చరల్ ఇంజనీరింగ్‌తో పాటు సంభావ్యత, పైథాన్ ప్రోగ్రామింగ్, డిజిటల్ పటాలు కూడా రావాలి. అంటే మీరు నేర్చుకోమంటున్న దానిలో చాలా భాగం ఆమె ఎలాగూ నేర్చుకుంటుంది, పైగా దాన్ని దేనికి వాడాలో తెలిసి నేర్చుకుంటుంది.

ఆరు నెలల కోర్సుల మీద నాకు చాలా అనుమానాలున్నాయి. గణాంకశాస్త్రాన్ని పైపైన ముగించి, అందరి చేతా అవే రెండు మూడు ప్రాజెక్టులు చేయించి సర్టిఫికెట్ ఇచ్చే చోట్లే ఎక్కువ. అదే సర్టిఫికెట్‌తో వందలమంది ఒకే ఇంటర్వ్యూకు వెళ్తున్నప్పుడు దాని విలువెంతో మీరే ఆలోచించండి. పక్కింటి అబ్బాయి జీతం రాశారు గానీ, మీ అమ్మాయికి ఏ సబ్జెక్టులో పట్టుందో ఒక్క ముక్కైనా రాయలేదు. కాస్త కటువుగా అంటున్నాను, కానీ ఇరవయ్యేళ్ల పిల్ల ఇంత స్పష్టంగా ఒక రంగాన్ని ఎంచుకుంటే సంతోషించాల్సింది పోయి దారి మళ్లించాలని చూడటం మీకు తగదు.

ఈ దారిలోనూ ఇబ్బందులున్నాయి. ఖాళీలు తక్కువ, తొలి జీతం సాఫ్ట్‌వేర్ కంటే తక్కువగా ఉండవచ్చు. అయితే వంతెనల డిజైన్ సంస్థల్లోనూ, విపత్తు నష్టాలను అంచనా వేసే బీమా రంగ సంస్థల్లోనూ ఈ నైపుణ్యానికి చోటుంది. ఒకటి కుదరకపోతే స్ట్రక్చరల్ డిజైన్ ఎటూ చేతిలో ఉంటుంది. ఊళ్లోనే ట్రిపుల్ ఐటీలో భూకంప ఇంజనీరింగ్ పరిశోధన కేంద్రం ఉంది, రూర్కీ ఐఐటీలో ఇందుకు ప్రత్యేక విభాగమే ఉంది. ఈ వేసవి సెలవుల్లో ఇంటర్న్‌షిప్ కోసం అక్కడి అధ్యాపకులకు ఆమెనే ఉత్తరం రాయమనండి. ఆ పని చూసి వచ్చాక కూడా ఇదే కావాలంటే ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌కు సిద్ధం కానివ్వండి. వద్దనుకుంటే అప్పటికి ఇంకా చివరి సంవత్సరం మిగిలే ఉంటుంది.