హైదరాబాద్ ఎండల్లో ఐదుగురు, ఐదొందలు: ఎక్కడికెళ్ళాలి?

మీరు అడిగింది ఇదీ: దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటారు, మీరిద్దరూ, ఎనిమిదేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు, అరవై ఐదు దాటిన మీ అత్తయ్య గారు. కారు లేదు. మే నెల ఆదివారం ఐదొందల్లో అందరూ చెట్లూ గాలీ చూసి రావాలి, ఎండదెబ్బ తగలకూడదు.

ముందు చోటు కాదండీ, టైము తేల్చుకోండి. మన ఊళ్ళో మే నెలలో చల్లగా ఉండేది సూర్యోదయం చుట్టుపక్కలే, అంటే ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా. సాయంత్రం ఎండ తగ్గినా వేడి తగ్గదు. రోజంతా కాలిన రాయి, సిమెంటు, తారు రాత్రి ఎనిమిది తొమ్మిది దాకా ఆ వేడిని వదులుతూనే ఉంటాయి. గోల్కొండ ఎక్కిన చాలామంది "ఐదింటికి వెళ్ళినా ఉడికిపోయాం" అనేది ఇందుకే, అదంతా రాతి గుట్ట. కాబట్టి మధ్యాహ్నం భోజనం పిక్నిక్ ఆలోచన మానేయండి. పొద్దున్నే టిఫిన్ కట్టుకుని వెళ్ళి, తొమ్మిదింటికల్లా తిరుగు ప్రయాణం కట్టేయండి. డబ్బు కూడా అలాగే మిగులుతుంది, ఎందుకంటే జేబుకి చిల్లు పడేది ప్రవేశ టికెట్ల దగ్గర కాదు, దారిలో కొనే నీళ్ళ సీసాలు, కూల్‌డ్రింకులు, ఎండకి తట్టుకోలేక ఎక్కే ఆటోల దగ్గర.

ప్రయాణానికి సిటీ బస్సే మీకు లాభం. మహాలక్ష్మి పథకంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి, ఆడపిల్లలకి టికెట్ లేదు. ఐదేళ్ళ లోపు బాబుకీ లేదు. అంటే ఐదుగురిలో మీ వారొక్కరే డబ్బులు కడతారు. అయితే తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ ముగ్గురికీ తీసుకెళ్ళాలి, పాపది మర్చిపోయేవాళ్ళు ఎక్కువ. ఉచితమే కదా అని ఊరికే కూర్చోకూడదు, కండక్టర్ దగ్గర జీరో టికెట్ తీసుకోవాలి. డీలక్స్, ఏసీ బస్సుల్లో ఇది చెల్లదు, ఎక్కేముందే బోర్డు చూడండి. మెట్రోలో అయితే, కింద చెప్పబోయే పబ్లిక్ గార్డెన్స్ దగ్గరున్న అసెంబ్లీ స్టేషన్‌కి మీ దగ్గర్నుంచి ఒకే లైను, మారక్కర్లేదు, కానీ అందరికీ టికెట్ పడుతుంది. నా సలహా: వెళ్ళేటప్పుడు బస్సు, ఎండెక్కాక తిరిగొచ్చేటప్పుడు ఏసీ కోసం మెట్రో.

చోటు విషయానికొస్తే, మొదటిసారికి నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్. ప్రవేశం ఉచితం, పాత పెద్ద చెట్లు, చదునైన దారులు, అత్తయ్య గారు మెట్లు ఎక్కే పని లేదు. రెండోసారికి దోమల్‌గూడ ఇందిరా పార్క్, అది 76 ఎకరాలు, చిన్న టికెట్. కేబీఆర్ పార్క్ నడకకి బాగుంటుంది గానీ చాప పరుచుకుని తినే చోటు కాదు. కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో నీడ బాగానే ఉంటుంది, మీకు మాత్రం ఊరికి ఆ చివర. హుస్సేన్‌సాగర్ ఒడ్డు పార్కులు వానాకాలం తర్వాత పెట్టుకోండి, ఎండల్లో నీళ్ళు తగ్గితే వాసన ముక్కు మూయిస్తుంది.

జూ పార్కు మేలో వద్దు. గేటు తీసేదే పొద్దెక్కాక, లోపల 380 ఎకరాలు, సగం తిరిగేసరికి పిల్లాడు చంకనెక్కుతాడు, జంతువులేమో నీడన పడుకుని కనిపించవు. డిసెంబర్‌లో గేటు తీసే టైముకి వెళ్ళండి, సోమవారం సెలవు. గోల్కొండ కూడా చలికాలానికే. పెద్దలకి 25 రూపాయలు, పదిహేనేళ్ళ లోపు ఉచితం. పైకి 360 దాకా మెట్లుంటాయి, అత్తయ్య గారిని కింద, చప్పట్లు కొడితే పైదాకా వినిపించే ద్వారం దగ్గరే నీడన కూర్చోబెట్టాలి.

ఇక నీళ్ళు. ఐదుగురికి మూడు గంటలకి ఐదు లీటర్లు. రెండు లీటర్ల క్యాన్లు రెండు, లీటరు సీసా ఒకటి. సీసాని ముందురోజు రాత్రి ముప్పాతిక దాకానే నింపి ఫ్రీజర్‌లో పెట్టండి. మంచు పెరుగుతుంది, నిండా పోస్తే సీసా పగులుతుంది. క్యాన్‌కి తడి నూలు గుడ్డ చుట్టండి. మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తడి ఆరుతూ నీళ్ళని చల్లబరుస్తుంది. వైజాగ్ ఉక్కపోతలో ఈ ఉపాయం అంతగా పనిచేయదు. ఒక కప్పు పెరుగుకి మూడు కప్పుల నీళ్ళు, ఉప్పు, కాస్త అల్లం వేసిన మజ్జిగ విడిగా ఉండాలి. ఎవరికైనా నీరసం వస్తే లీటరు నీళ్ళలో ఆరు చదును టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు. ఉప్పు ఎక్కువైతే పిల్లలకి ప్రమాదం, కొలిచే వేయండి.

ఒక సంగతి మగవాళ్ళకి తట్టదు. బయట బాత్రూమ్ ఎక్కడుందో తెలియక ఆడవాళ్ళు, ముఖ్యంగా పెద్దవాళ్ళు, నీళ్ళే తాగరు. ఎండదెబ్బ సగం అక్కడ మొదలవుతుంది. చేరగానే ముందు బాత్రూమ్ ఎక్కడుందో, తాళం తీసి ఉందో లేదో చూసి వచ్చి అత్తయ్య గారికి చెప్పండి. వయసు పెరిగితే దాహం సరిగా తెలియదు, అందుకని అడక్కుండా అరగంటకో గ్లాసు చేతికివ్వండి. బీపీకి నీటి మాత్రలు (మూత్రం ఎక్కువగా పోయించేవి) వేసుకుంటుంటే ఎంత తాగాలో డాక్టర్ని ముందే అడగాలి.

తిండి: ఇడ్లీ కడితే కారప్పొడి, నూనె పెట్టుకోండి. కొబ్బరి చట్నీ వద్దు, ముందు పాడయ్యేది అదే. పులిహోరకి రెండు గ్లాసుల బియ్యం సరిపోతుంది. చింతపండు గుజ్జు రాత్రే ఉడికించుకోండి. పొద్దున అన్నం వెడల్పు పళ్ళెంలో ఆరబోసి, పూర్తిగా చల్లారాకే కలిపి మూత పెట్టండి. వేడి మీద మూత పెడితే ఆవిరి నీరై అన్నం పాచిపోతుంది. నిమ్మకాయ పులిహోర అయితే రసం పొయ్యి దించాకే, లేకపోతే చేదు. పిల్లలకి పెరుగన్నం పుల్లబడకుండా ఉండాలంటే పెరుగు కలపకండి. మెత్తటి అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి ఒక్క చెంచా పెరుగు వేస్తే నెమ్మదిగా తోడుకుంటుంది. పాలు మరీ వేడిగా ఉంటే తోడుకోదు, ఉప్పు తినేటప్పుడు వేసుకోవాలి.

చాప తుంగదైతే మేలు, ప్లాస్టిక్‌ది వేడెక్కి ఒంటికి అంటుకుంటుంది. ఇనుప జారుడుబల్ల మీద చెయ్యి పెట్టి చూశాకే పిల్లల్ని ఎక్కనివ్వండి, ఎనిమిదిన్నరకే కాలుతుంది. తిరిగొచ్చేటప్పుడు బండి మీద ముంజలు కనిపిస్తే కొనండి, మిగిల్చిన డబ్బుకి అంతకన్నా మంచి ఖర్చు లేదు.

ఎవరైనా తడబడుతూ మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతున్నా నీడకి చేర్చి బట్టలు తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకండి.

పొద్దున కుదరక సాయంత్రమే వెళ్ళాల్సి వస్తే, మేలో నాలుగు దాటాక ఒక్కోసారి ఉన్నట్టుండి గాలిదుమారం, వడగళ్ళు వస్తాయి. పాత చెట్లు విరిగేది అప్పుడే. పడమట నల్లమబ్బు లేచిందంటే చెట్టు కింద నిలబడకుండా, చాప చుట్టేసి మెట్రో స్టేషన్‌లోకి నడవండి.