గోడకి అరటిపండు, దారికడ్డంగా ఇనప గోడ

ప్రశ్న: 2024 నవంబరులో న్యూయార్క్ వేలంలో, గోడకి టేపుతో అంటించిన అరటిపండు 62 లక్షల డాలర్లకి అమ్ముడుపోయిందని చదివినప్పటి నుంచీ నాకు కోపం తగ్గట్లేదండీ. ఇరవై ఏళ్లుగా పిల్లలకి డ్రాయింగ్ చెప్తున్నాను, గీత తిన్నగా రావడానికే నెలలు పడుతుంది. దీన్ని కూడా కళ అనాలా?
– ఒక డ్రాయింగ్ టీచర్, కాకినాడ

జవాబు: అనొచ్చు టీచర్ గారూ. గొప్ప కళ అని మాత్రం నేను అనను.

ఆ డబ్బు పండుకి కాదు. ఇటలీ కళాకారుడు మౌరిజియో కాటెలాన్ 2019లో మయామీలో మొదటిసారి పెట్టిన ఈ పని పేరు 'కమెడియన్'. కొన్నవాళ్ల చేతికొచ్చేది ఒక ధ్రువపత్రం, నేల నుంచి ఎంత ఎత్తులో ఎలా అంటించాలో చెప్పే సూచనలు, అంతే. పండు పాడైతే ఇంకోటి తెచ్చి పెట్టుకోవచ్చు. వేలంలో కొన్న క్రిప్టో వ్యాపారి జస్టిన్ సన్ హాంకాంగ్‌లో విలేఖరుల ముందే దాన్ని తినేశాడు. కానీ ఈ కథంతటిలో నా మనసులో ఉండిపోయింది ఆయన కాదు. వేలం రోజు గోడకెక్కిన పండుని 35 సెంట్లకి అమ్మిన బంగ్లాదేశ్ పెద్దాయన. అది ఎంతకి పోయిందో విలేఖరి వచ్చి చెప్తే ఆయన కన్నీళ్లు పెట్టుకున్నాడట. ధర అనేది ఎక్కడ పుడుతుందో అడగడమే ఆ పని ఉద్దేశమైతే, ఆ ప్రశ్న వేలం హాల్లో కంటే ఆ పళ్ల బండి దగ్గరే గట్టిగా వినిపిస్తుంది.

పైగా మామూలు వస్తువుని తెచ్చి కళ అని పెట్టే ఆలోచన కొత్తదేం కాదు. 1917లో న్యూయార్క్‌లోనే, రుసుము కడితే ఎవరి పనైనా ప్రదర్శిస్తామన్న ఒక సంఘానికి ఫ్రెంచ్ కళాకారుడు మార్సెల్ డుషాంప్ మూత్రశాలలో వాడే పింగాణీ తొట్టి మీద 'ఆర్. మట్' అని సంతకం పెట్టి పంపించాడు. సంఘం ప్రదర్శనలో పెట్టనివ్వలేదు. తను పెట్టుకున్న నియమానికి తనే నిలబడలేకపోయిందని అందరికీ తెలిసిపోయింది. నా లెక్కలో అది పెద్ద పని, అరటిపండు దాని పక్కన చిన్నది.

ప్రశ్న: ఎవడి డబ్బుతో వాడు కొనుక్కుంటే మనకెందుకు, అంటారా మరి?
– మరో పాఠకుడు, వరంగల్

జవాబు: దాదాపు అంతేనండీ. సొంత డబ్బుతో కొనుక్కున్నదాని మీద నాకు పెద్ద పట్టింపు లేదు. ప్రజల డబ్బు, ప్రజలు నడిచే చోటు అయితే మాత్రం లెక్క మారుతుంది. 1981లో మన్‌హాటన్‌లోని ఒక ప్రభుత్వ ఆఫీసు ముందు ఖాళీ స్థలంలో అమెరికా శిల్పి రిచర్డ్ సెర్రా 'టిల్టెడ్ ఆర్క్' అనే శిల్పం నిలబెట్టాడు. 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు, తుప్పురంగు ఉక్కు పలక, కాస్త ఒరిగి ఉంటుంది. 1,75,000 డాలర్లు ప్రభుత్వమే ఇచ్చింది. రోజూ అటు నుంచి ఇటు తిన్నగా నడిచే ఉద్యోగులు దాని చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. మనిషి అక్కడ నడిచేటప్పుడు తన నడకని తను గమనించాలన్నది సెర్రా ఆలోచన, అది నాకు నచ్చుతుంది కూడా. కానీ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని కాసేపు ఎండలో కూర్చుందామని కిందికి దిగినవాళ్లని ముందు ఎవరూ సరిగ్గా అడగలేదు కదా, వాళ్లకి కళ తెలీదని కొట్టిపారేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

1985లో బహిరంగ విచారణ పెడితే, మాట్లాడినవాళ్లలో 122 మంది ఉంచమన్నారు, 58 మంది తీసేయమన్నారు. అయినా తీసేయాలనే తేల్చారు. సెర్రా కోర్టుకెళ్లి ఓడిపోయాడు. అంతమంది ఉంచమన్నాక తీసేయడం కూడా తప్పే, నేను ఆ రెండు తప్పులనీ ఒకేలా చూస్తాను. ఆ చోటు కోసమే చేసింది కాబట్టి ఇంకెక్కడ పెట్టినా అది ఆ పని కాదని సెర్రా మొదటి నుంచీ చెప్తూనే ఉన్నాడు. 1989 మార్చి 15 రాత్రి దాన్ని మూడు ముక్కలు చేసి లారీల మీద గోదాముకి తీసుకెళ్లిపోయారు. తర్వాత ఎక్కడా నిలబెట్టలేదు.