ఆగస్టులో మాయా బేకి టికెట్ కొంటున్నారా, ఒక్క నిమిషం ఆగండి

ప్రశ్న: అన్నా నమస్తే. మేం ముగ్గురం దోస్తులం, అమీర్‌పేటల ఒకటే రూమ్‌ల ఉంటం, ఈ మధ్యనే జాబులొచ్చినయ్. ఇంటర్‌ల ఉన్నప్పుడు డికాప్రియో 'ది బీచ్' సినిమా చూసిన, అప్పట్నుంచి ఆ బీచ్‌కు పోవాలని ఒకటే పిచ్చి. ఆగస్టు 15 పక్కన లీవులు కలుపుకొని ఆరు రోజులు పోదామనుకుంటున్నం, ఫ్లైట్ కూడా అప్పుడే చీప్‌గ చూపిస్తున్నది. లగ్జరీ ఏం వద్దు, బ్యాగు తగిలేసుకొని పోవుడే. ఆ బీచ్‌ల టెంట్ ఏసుకొని ఒక రాత్రి పడుకోవచ్చా? ఫుకెట్ నుంచి డే ప్యాకేజీ అయితే సరిపోతదా?
- ఒక పాఠకుడు, అమీర్‌పేట

జవాబు: తమ్ముడూ, టికెట్ ఇంకా కొట్టలేదు కదా? కొట్టకు. ఆ బీచ్ పేరు మాయా బే, థాయిలాండ్‌లో ఫీఫీ లే అనే చిన్న ద్వీపంలో ఉంది, ఏటా ఆగస్టు 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా మూసేస్తారు. అంత ఖర్చు పెట్టుకుని వెళ్లి పడవలోంచి కొండని చూసి వచ్చేయాలి, అది కూడా సముద్రం బాగుంటేనే, ఎందుకంటే అప్పుడు ఆ వైపంతా వానాకాలం, అలలెక్కువై పడవలు క్యాన్సిల్ అవుతుంటాయి. ఫ్లైట్ చీప్‌గా ఉందంటే ఊరికే ఉండదుగా. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా సీజన్, అందులో క్రిస్మస్, న్యూ ఇయర్ వారాలు వదిలేయ్, రేట్లు మండిపోతాయి.

టెంట్ సంగతి కూడా మర్చిపో. ఆ సినిమా 1999లో తీశారు, 2000లో వచ్చింది, దాంతో జనం ఎగబడ్డారు, చివరికి రోజుకి 5 వేల మంది దాకా ఆ చిన్న ఇసుక ముక్క మీదికి దిగేవాళ్లు, పడవల లంగర్లు తగిలి పగడాలన్నీ విరిగిపోయాయి. 2018 జూన్‌లో మూసేస్తే మళ్లీ తెరిచింది 2022 జనవరిలో. ఇప్పుడు పడవని బే లోపలికి రానివ్వరు, ద్వీపం వెనక లో సమా అనే చోట దించుతారు, అక్కడి నుంచి చెట్ల మధ్య చెక్కల దారిలో కాసేపు నడిస్తే ఇసుక వస్తుంది. ఇసుకంటే మన వైజాగ్ బీచ్ ఇసుక కాదు, కాళ్ల కింద పిండిలా ఉంటుంది. ఈత లేదు, మోకాళ్ల దాకా నీళ్లలోకి వెళ్లనిస్తారు, నేనొక అడుగు ఎక్కువేశానో లేదో గార్డు విజిల్ ఊదాడు. కానీ ఆ మోకాలి లోతులోనే రెక్క చివర నలుపున్న చిన్న చిన్న షార్క్ పిల్లలు తిరుగుతుంటాయి, మూసేశాక తిరిగొచ్చినవి ఇవే, నాకైతే సినిమా కన్నా అవే నచ్చాయి.

ఇంకోటి ముందే చెప్పేస్తా, అక్కడికెళ్లాక ఫీలవకుండా. సినిమాలో చుట్టూ కొండే కదా, బయటి సముద్రమే కనపడదు. నిజంగా నిలబడి చూస్తే ఎదురుగా గ్యాప్ ఉంటుంది, బే సముద్రంలోకి తెరుచుకునే ఉంటుంది, ఆ గ్యాప్‌ని గ్రాఫిక్స్‌తో కొండ పెట్టి కప్పేశారు. షూటింగ్ కోసం ఇసుక దిబ్బలు చదును చేసి కొబ్బరి చెట్లు కూడా నాటారు, దాని మీద అక్కడివాళ్లు కోర్టుకెళ్లారు. సినిమాలో వాళ్లు దూకే జలపాతం అయితే అసలు ఈ ద్వీపంలోనే లేదు, బ్యాంకాక్‌కి ఈశాన్యంగా ఖావో యాయ్ అడవిలో ఉంది. రామోజీ ఫిల్మ్ సిటీలో మాహిష్మతి సెట్ చూసినోళ్లం, మనకి ఇవన్నీ కొత్త కాదులే.

డే ప్యాకేజీ వద్దు. మొదటిసారి నేను అదే చేశా, ఫుకెట్ నుంచి స్పీడ్ బోట్, వెన్ను విరిగేలా కుదుపులు, ఎండ నెత్తికెక్కాక చేరాం, నాతో పాటు ఇంకో పది బోట్లు, ఫొటో తీస్తే వెనకాల అన్నీ ఆరెంజ్ లైఫ్ జాకెట్లే. అలా కాకుండా ఫుకెట్‌లో రస్సాదా పీర్ (పడవల రేవు) నుంచి మామూలు ఫెర్రీ ఎక్కితే రెండు గంటల్లో మాయా బేకి పక్క ద్వీపమైన ఫీఫీ డాన్ (పలికేది పీపీ అని, నవ్వకు), అక్కడ హాస్టల్లో డార్మ్ బెడ్ తీసుకుని రాత్రి ఉండి, పొద్దున్నే మాయా బేకి పొడవు తోక పడవ (లాంగ్ టెయిల్ బోట్ అంటారు, చిన్న మోటారు చెక్క పడవ) మాట్లాడుకో. రేటు మనిషికి కాదు, పడవకి, గంటల లెక్కన, కాబట్టి మీ ముగ్గురూ హాస్టల్లో ఇంకో ఇద్దర్ని కలుపుకుంటే ఖర్చు సగానికి దగ్గర పడుతుంది. మాయా బే నేషనల్ పార్క్‌లోది, ఆ పార్క్ టికెట్ విదేశీయులకి 400 బాత్, మన డబ్బుల్లో వెయ్యి దాటుతుంది, ప్యాకేజీల్లో చాలాసార్లు దీన్ని కలపరు, అడుగు. అదే పడవలో పీలే లగూన్‌కి కూడా తీసుకెళ్లమను, అక్కడ ఈత కొట్టొచ్చు, మూడు వైపులా నిటారు కొండలు, నువ్వు బుర్రలో పెట్టుకున్న సినిమా బీచ్‌కి అదే దగ్గరగా అనిపిస్తుంది. మామూలు సన్‌స్క్రీన్ తీసుకెళ్లకు, పగడాలకి హాని చేసే కెమికల్స్ ఉన్నవి అక్కడి పార్కుల్లో 2021 నుంచి బ్యాన్, ఫైన్ లక్ష బాత్‌ల దాకా ఉంది.

ఫుకెట్‌లో ఒక రాత్రి మాత్రం ఓల్డ్ టౌన్‌లో ఉండు. సినిమా మొదట్లో బ్యాంకాక్ ఖావో శాన్ రోడ్ అని చూపించిన ఆ చవక హోటల్ నిజానికి ఇక్కడి ఆన్ ఆన్ హోటల్. చూడ్డానికి టికెట్ లేదు.

ఇంకో మాట, వెళ్లే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డ్ నింపాలి, అది ఫ్రీ, డబ్బులడిగిన సైట్ ఏదైనా గవర్నమెంట్‌ది కాదు.

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రెండ్స్‌తో థాయిలాండ్ వెళ్తున్నాడు, మేము గుడ్డు కూడా తినం. అక్కడ ఏం తింటాడండీ?
- ఒక అమ్మ, సికింద్రాబాద్

జవాబు: అమ్మా, ఆకలితో అయితే ఉండడు, కానీ 'వెజ్' అంటే చాలామందికి మాంసం ముక్కలు తీసేయడమే, ఫిష్ సాస్ మాత్రం పడిపోతుంది. 'జే' అనే మాట నేర్పించండి, అంటే చేప, గుడ్డు, పాలు ఏవీ లేని తిండి, ఎర్ర అక్షరాలతో పసుపు జెండా వేలాడదీసిన కొట్లుంటాయి, అక్కడికెళ్తే చాలు. తెల్లన్నం ఎక్కడైనా దొరుకుతుంది. ఆవకాయ పెట్టాలని మీకుంటుంది, 7 కేజీల హ్యాండ్ బ్యాగుతోనే వెళ్తున్నాడంటే సెక్యూరిటీ దగ్గర తీయించేస్తారు, కందిపొడి కట్టివ్వండి.