కలిసి పరిశోధన మొదలుపెట్టే ముందు

చి. లావణ్యకు,

ఆశీస్సులు. జీవవైవిధ్యం మీద పనిచేసే మీ బృందం, వాతావరణ మోడల్స్ నడిపేవాళ్లతో కలిసి ప్రాజెక్టు మొదలుపెడుతోందని రాశావు. సంతోషం. ఈ రెండు రంగాల చుట్టరికం పాతదే, రాకపోకలే తక్కువ. వాతావరణ మార్పుల మీద ఒకటి, జీవవైవిధ్యం మీద ఒకటి, రెండు అంతర్జాతీయ ఒప్పందాలూ 1992 రియో సదస్సులోనే సంతకాలకు వచ్చాయి. అయినా వాతావరణ మార్పుల మీద ప్రభుత్వాలకు శాస్త్రం చెప్పే ఐపీసీసీ, జీవవైవిధ్యం మీద అదే పని చేసే ఐపీబీఈఎస్ కలిసి ఒక వర్క్‌షాప్ పెట్టుకోవడానికి 2020 డిసెంబరు దాకా పట్టింది.

నిధుల మాట తర్వాత, ముందు గడి సైజు గురించి, అంటే వాతావరణ డేటా భూమిని ఎంతెంత ముక్కలుగా కోస్తుందో దాని గురించి మాట్లాడుకోండి. ఈఆర్ఏ5 (ప్రపంచమంతటి గత వాతావరణాన్ని కంప్యూటర్ మోడల్‌తో తిరిగి కట్టిన డేటా) లాంటివాటిలో ఒక్కో గడి సుమారు 31 కిలోమీటర్లు. అందులో సాధారణంగా తీసుకునే ఉష్ణోగ్రత నేలకు 2 మీటర్ల ఎత్తులోది. మీరు చూసే కప్ప ఉండేదేమో రాలిన ఆకుల కింద, తడిలో. మిట్టమధ్యాహ్నం అక్కడి వేడీ గడి సగటూ ఒకటి కావు. ఇది తేల్చుకోకుండా గ్రాఫులు గీస్తే ఉన్న సంబంధం కనపడదు, లేనిది కనపడుతుంది. నేలమట్టాన పెట్టే చిన్న సెన్సర్లకు బడ్జెట్‌లో మొదటే చోటు ఉంచు. మధ్యలో అడిగితే ఎవరూ ఇవ్వరు.

సగటుల దగ్గరా జాగ్రత్త. నెదర్లాండ్స్‌లో గ్రేట్ టిట్ పిట్టల సంగతి నీకు తెలిసిందే. వసంతం వేడెక్కి గొంగళిపురుగులు ముందే వచ్చేస్తున్నాయి, పిట్టల గుడ్ల తేదీ అంత వేగంగా జరగడం లేదు, పిల్లలకు తిండి కావలసిన వేళకు పురుగులు తగ్గిపోతున్నాయి. అంతా ఆ కొన్ని వారాల్లోనే ఉంది. అవతలి బృందం ఏడాది సగటు చేతిలో పెడితే అందులో ఇదంతా మాయం. ఏ వారాలు కావాలో చెప్పాల్సింది మీరే.

మన జీవవైవిధ్యం వాళ్ల డేటా మాత్రం తక్కువ తిన్నదా? జాతులు కనపడిన రికార్డులు ఎక్కువగా రోడ్ల పక్కనివే. ఒక జాతి కొండ పైకి జరిగిందంటారు. తీరా చూస్తే వెతికేవాళ్లే ఈమధ్య పైకి వెళ్లడం మొదలుపెట్టి ఉంటారు. అందుకే ఎన్ని గంటలు, ఎక్కడ వెతికారో రాయించు. ఏమీ కనపడని రోజు కూడా ఫారంలో పడాలి. ఫారంలో ఖాళీ అంటే వెతకలేదని, సున్నా అంటే వెతికినా కనపడలేదని కొత్తవాళ్లకు మొదటి రోజే చెప్పు.

కార్బన్ లెక్క ఒక్కటే చూస్తే పచ్చికబయళ్లలో చెట్లు నాటడం బ్రహ్మాండంగా కనిపిస్తుంది, అక్కడి పిట్టలు పోతాయి. మీ ఫలితాల పట్టికలో కార్బన్, జీవవైవిధ్యం రెండు కాలమ్‌లూ పక్కపక్కనే ఉండాలని పట్టుబట్టు. కాస్త గొడవైనా ఫర్వాలేదు.

పేపర్‌లో పేర్ల వరుస డేటా రాకముందే కాగితం మీద పెట్టుకోండి. ఫీల్డులో తిరిగి లెక్కలు తెచ్చినవాళ్లను చివరి పేజీలో కృతజ్ఞతలతో సరిపెట్టడం నాకు ససేమిరా నచ్చదు. అరుదైన జాతుల కచ్చితమైన లొకేషన్లు బయటికి ఇవ్వకండి, వేటగాళ్లూ డేటా చదువుతారు.

మొదటి మీటింగుకి ముందు మీ రెండు బృందాల మధ్య ఒప్పందం డ్రాఫ్ట్ నాకు పంపు. డేటా ఎవరిదీ, ఎవరు వాడుకోవచ్చూ అనే భాగం ముందు చూస్తాను.

ఉంటాను,
మీ పెదనాన్న