పత్తి ఏరే నెలల్లో బడి వారం: కొత్త హెడ్మాస్టరమ్మకు ఒక లేఖ

బిడ్డా,

నర్సంపేట దిక్కు జిల్లా పరిషత్ హైస్కూలుకు హెడ్మాస్టరుగా పోతున్నావని తెలిసి సంతోషమైంది. పాఠం ఎట్లా చెప్పాలో నీకు చెప్పాల్సిన పని లేదు. ఊరి పనులు బడి హాజరులోకి ఎట్లా దిగుతాయో, దానికి తగ్గట్టు వారాన్ని ఎట్లా సర్దుకోవాలో రాస్తున్న.

జూన్ నుంచి బతుకమ్మ సెలవుల దాకా పిల్లలు బాగానే వస్తారు. అది చూసి నిశ్చింతగా ఉండకు. దసరా అయి బడి తెరిచేసరికి మన చేన్లలో పత్తి పగిలి ఉంటుంది. అక్కడి నుంచి సంక్రాంతి దాటేదాకా పత్తి, ఆ వెనుకనే మిరప. పదో తరగతి పరీక్షలు కూడా మిరప ఏరే రోజుల్లోనే పడతాయి. కూలి కిలోల లెక్కన వస్తుంది కాబట్టి ఇంట్లో రెండు చేతులు ఎక్కువుంటే ఆ రోజు రాబడి ఎక్కువ. పిల్లను బడి మాన్పించేది చదువు మీద ఇష్టం లేక కాదు. ఇది మనసులో పెట్టుకుంటే తల్లిదండ్రులతో నీ మాట తీరే మారుతుంది.

ప్రభుత్వ రిజిస్టరు, ఫోనులో ముఖం చూపే హాజరు ఎవరు రాలేదో చెబుతాయి, ఎందుకు రాలేదో చెప్పవు. అందుకని తరగతికో 100 పేజీల నోటుబుక్కు పెట్టించు. రాని పిల్ల పేరు పక్కన కారణం ఒక్క అక్షరంలో రాయాలి: చేను పనికి చే, చిన్నపిల్లను చూసుకోవడానికి చి, బస్సుకు బ, జ్వరానికి జ, పెళ్లికి పె. శుక్రవారం చివరి పీరియడ్‌లో క్లాస్ టీచర్లంతా ఆ బుక్కులు పట్టుకుని నీ గదిలో కూర్చోవాలి. అరగంట చాలు. వరుసగా మూడు రోజులు రాని పేర్లే మాట్లాడండి, మిగతావి వదిలెయ్యండి. అన్ని పేర్లూ ముందేసుకుంటే ఏ ఒక్క ఇంటికీ పోలేరు.

ఇంటికి పోయేది చీకటి పడ్డాకనే. పగలు పోతే తాళం, ఫోన్ చేస్తే చేనులో ఎవరూ ఎత్తరు. తండ్రితో కంటే తల్లితోనో నాయనమ్మతోనో మాట్లాడితే పని అవుతుంది. కూలీల గుంపును ఆటోలో తీసుకుపోయే మేస్త్రిని మాత్రం తప్పకుండా కలువు. 14 ఏళ్లు నిండని పిల్లను వేరేవాళ్ల చేనులో కూలికి పెట్టడం నేరమని, సొంత చేనులోనైనా బడి వేళలు తప్పించి చేసే సాయానికే చట్టం ఒప్పుకుంటుందని మర్యాదగా చెప్పు. ఆ మేస్త్రి ఆటో ఎక్కించుకోకపోతే సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

చి అని రాసిన పేర్లు దాదాపు అన్నీ ఆడపిల్లలవే ఉంటాయి. ఆ ఇంట్లో చిన్నపిల్లకు మూడేళ్లు నిండాయా అని అడుగు. నిండితే అంగన్‌వాడీలో కూర్చోబెట్టుకుంటారు. అంగన్‌వాడీ టీచరుతో నువ్వే మాట్లాడి పేరు రాయించు. నిండకపోతే పక్కింటి ముసలమ్మనో, వంతుల వారీగా ఇంట్లో ఉండే చుట్టాన్నో వెతకాలి. ఈ మాట పిల్లల తల్లులుండే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో పెట్టు. అధ్యక్షురాలు గ్రామ మహిళా సంఘం నుంచే వస్తుంది, ఏ ఇంట్లో ఎవరున్నారో ఆమెకు తెలుసు.

తిరిగొచ్చిన పిల్లను ప్రార్థనలో అందరి ముందు నిలబెట్టనివ్వకు. అట్లా నిలబడ్డ పిల్ల తెల్లారి మళ్లీ చేనుకే పోతుంది. తప్పిపోయిన పాఠాల్లో ముందు లెక్కలు అందియ్యాలి, ఎందుకంటే అందులో ఒక మెట్టు తప్పితే పై మెట్టు అందదు. సాంఘికం తర్వాతైనా చదువుకుంటుంది.

భోజనం సంగతి. 6 నుంచి 10 దాకా పిల్లకు బియ్యం 150 గ్రాములు, పప్పు 30, కూరగాయలు 75, నూనె 7.5. ఆ రోజు 180 మంది వస్తే 27 కిలోల బియ్యం, 5 కిలోల 400 గ్రాముల పప్పు, 13 కిలోల 500 గ్రాముల కూరగాయలు. డబ్బాలతో కొలవనియ్యకు, కాంటా పెట్టించు. మొదటి పీరియడ్ అయ్యేలోపు తరగతి లీడర్లు సంఖ్య వంటగదికి చేర్చాలి. నిన్నటి సంఖ్యతో వండితే అంగడి రోజున మిగులుతుంది, గుడ్డు పెట్టే రోజున తక్కువపడి చివరి వరుస ఖాళీ ప్లేట్లతో నిలబడుతుంది. మన బోరు నీళ్లు చాలాచోట్ల గట్టివి, పప్పు త్వరగా ఉడకదు, ముందే నానబెట్టించు. వడ్డించే ముందు ఒక టీచరు రుచి చూసి రిజిస్టరులో టైము వేసి సంతకం పెట్టాలి. సాంబారు పలచబడుతోందంటే వంటమ్మలను కోప్పడే ముందు బిల్లు వచ్చిందా అని చూడు. కిరాణాకొట్టులో అప్పు పేరుకుంటే ముందు తగ్గేది పప్పే. హాజరుతో అంకెలు సరిచూసి నెల మొదటి వారంలోనే బిల్లు పంపితే కనీసం నీ దగ్గర ఆగదు.

ట్యాంకులో వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ కలిపి గంట ఆగి వదలాలి. మూత తెరిచి ఉంచిన పొడి పనిచెయ్యదు. వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర అన్నం తిన్నాకనే మింగించు. ఖాళీ కడుపున ఇస్తే వాంతులై మళ్లీ వారం ఎవరూ ముట్టరు.

బస్సు మీద కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టు. మహాలక్ష్మి పథకంతో 2023 డిసెంబరు నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగులో టికెట్టుకు డబ్బులు లేవు, మంచిదే. బస్సు నిండిపోయి మన స్టేజీలో ఆగకపోతే మాత్రం ఆ ఉచితం వాళ్లకు అందదు. "బస్సు ఆగడం లేదు" అని రాస్తే డిపోలో ఎవరూ కదలరు. ఆరు రోజులు ఒక పిల్లవాడితో రాయించు: తేదీ, స్టేజీ పేరు, బస్సు వచ్చిన టైము, ఆగిందా లేదా, ఎంతమంది మిగిలిపోయారు. దానికి ఊర్లవారీగా పిల్లల సంఖ్య జతచేసి, గ్రామ పంచాయతీ ముద్రతో డిపో మేనేజరుకు నువ్వే ఇచ్చి రా, నకలు మీద అందినట్టు సంతకం తీసుకో. కొత్త బస్సు అడగకు, ఉన్న బస్సును 20 నిమిషాలు ముందుకు జరపమను. అది వాళ్ల చేతిలో ఉన్న పని.

మేడారం జాతర ఏడాది అయితే బస్సులు అటే మళ్లుతాయి. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా, 2026లో జనవరి 28 నుంచి 31 దాకా పడింది. తేదీ మాఘ పున్నమిని బట్టి జరుగుతుంది కాబట్టి జూన్‌లోనే పంచాంగం చూసుకుని పదో తరగతి సిలబస్ సంక్రాంతికి ముందే ముగించు.

చివరగా, పె అని రాసిన పేరు. అక్క పెళ్లా, ఆ పిల్ల పెళ్లేనా అన్నది ఆ రోజే తెలుసుకో, శుక్రవారం దాకా ఆగకు. తోటి ఆడపిల్లలకు ముందే తెలుస్తుంది, వాళ్లు నమ్మే మేడమ్‌తో అడిగించు. ఆ పిల్లకు 18 నిండలేదని బడి రికార్డులో ఉంటే 1098కి ఫోన్ చెయ్యి. పుట్టినతేదీ ఉన్న అడ్మిషన్ రిజిస్టరు పేజీ నకలు చేతిలో పెట్టుకో, వచ్చిన అధికారులు మొదట అడిగేది అదే. ఎవరు చెప్పారో మాత్రం ఊళ్లో ఎవరికీ తెలియనియ్యకు.