ఫాలోయర్లు 50 వేలకు చేరారు, ఉద్యోగం మానేయవచ్చా?

ప్రశ్న: ఆరేళ్లుగా సొంతంగా ఒక వెబ్ కామిక్ గీస్తున్నాను. త్వరలో 300వ ఎపిసోడ్ వస్తుంది. ఫాలోయర్లు 50 వేలకు దగ్గరపడ్డారు. నెలనెలా డబ్బు చెల్లించే సభ్యులు 420 మంది. రెండేళ్ల కిందట మొదటి సంపుటాన్ని క్రౌడ్‌ఫండింగ్ ద్వారా, అంటే పాఠకుల నుంచి ముందే డబ్బు సేకరించి, అచ్చువేస్తే 600 ప్రతులు అమ్ముడయ్యాయి. ఇప్పుడు కొత్త కథ, కొత్త పాత్రలతో రెండో పుస్తకం సిద్ధం చేస్తున్నాను. 300వ ఎపిసోడ్ రోజునే దాన్ని ప్రకటించి, కిక్‌స్టార్టర్ అనే క్రౌడ్‌ఫండింగ్ వేదికలో పెట్టి, 2,000 ప్రతులు వేయించాలని ఉంది. ప్రస్తుతం ఒక పూట ఉద్యోగం చేస్తున్నాను. సభ్యత్వాల డబ్బు అతి తక్కువగా వచ్చిన నెలలో ఇంటి ఖర్చులో 55 శాతానికే సరిపోయింది. మూడు నెలల ఖర్చుకు సరిపడా పొదుపు ఉంది. పుస్తకం డబ్బు రాగానే ఉద్యోగం మానేయవచ్చా? 2,000 ప్రతులు ఎక్కువా? ఒక కామిక్స్ యాప్ వారు కొత్త కథకు అడ్వాన్సు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? మొదటి పుస్తకం జమాఖర్చుల పట్టిక జతచేశాను.

జవాబు: ఉద్యోగం ఇప్పుడే మానకండి. 2,000 ప్రతులు ఎక్కువే. అడ్వాన్సు సంగతి ఒప్పందం చదివితే గానీ తేలదు, దాని గురించి చివర్లో చెబుతాను.

ముందుగా అభినందనలు. ఆరేళ్లలో 300 ఎపిసోడ్లంటే దాదాపు వారానికొకటి. జీతం తీసుకుని పనిచేసేవారిలోనే ఇంత క్రమం తప్పనివారు తక్కువ. అయితే మీ ఉత్తరంలో నా కన్ను ఆగింది 300 దగ్గరా కాదు, 50 వేల దగ్గరా కాదు, 420 దగ్గర. ఫాలోయర్లలో నూటికి ఒకరు కూడా డబ్బు చెల్లించడం లేదన్నమాట. ఇందులో చిన్నబుచ్చుకోవాల్సిందేమీ లేదు. ఉచితంగా చదవగలిగేది చదివి మెచ్చుకుని వెళ్లిపోయేవారే ఎక్కడైనా ఎక్కువ. కానీ ఇంటి ఖర్చు లెక్క వేసేటప్పుడు 50 వేలను పక్కన పెట్టి 420 ముందు కూర్చోవాలి. వారిలో ఏడాదికి పైగా కొనసాగుతున్నవారెందరు, మొదటి పుస్తకం కొన్న 600 మందిలో సభ్యులెందరు? ఈ రెండు అంకెలు మీ ఉత్తరంలో లేవు. ఈ వారమే తీసి చూసుకోండి. కొనేవారంతా ఆ 420 మందే అయితే మీ పాఠక బలం ఒకటే వలయం. ఆ 600లో సగం మందైనా బయటివారు అయితే పుస్తకానికి వేరే పాఠకులు ఉన్నట్టు. కొత్త పుస్తకం అంచనా ఈ తేడా మీదే ఆధారపడుతుంది.

ఇక మీరు పంపిన పట్టిక. నేను చూసిన ఉత్తరాల్లో ఇంత నిజాయితీగా రాసిన లెక్క అరుదు. నూరు వసూలైతే అందులో వేదిక రుసుము, చెల్లింపుల ఖర్చు కలిపి 9, అచ్చుకు 38, ప్యాకింగ్, పోస్టేజీకి 24, బహుమతిగా ఇచ్చిన స్టిక్కర్లు, ప్రింట్లకు 6, దారిలో పోయిన, పాడైన పార్సిళ్లను మళ్లీ పంపడానికి 5. మిగిలింది 18. పన్ను ఈ పద్దెనిమిదిలోంచే. పుస్తకానికి మీరు పెట్టిన ఎనిమిది నెలల రాత్రులు కూడా ఈ పద్దెనిమిదిలోంచే. అక్షరాలు మళ్లీ దిద్దడం, తెర కోసం గీసిన బొమ్మలను అచ్చుకు కావలసిన 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కల స్పష్టతకు) తేవడం, నిలువుగా జారే ఎపిసోడ్లను పుటలుగా కోసి అమర్చడం, వీటికి మీరు మీకు ఒక్క పైసా కట్టుకోలేదు. కట్టి ఉంటే ఆ 18 ఏమయ్యేదో ఊహించండి.

అందుకే క్రౌడ్‌ఫండింగ్‌లో వచ్చిన డబ్బును ఆదాయంగా చూడొద్దని నా గట్టి మాట. ఆఖరి పార్సిల్ చేరేవరకు అది అప్పు. తీర్చవలసింది పుస్తకాల రూపంలో, అంతే తేడా. ఉద్యోగం మానడానికి ఆ మొత్తాన్ని ఆధారం చేసుకుంటే ఆరు నెలల తర్వాత అచ్చు బిల్లు కట్టాల్సిన డబ్బుతో ఇంటి అద్దె కడుతూ ఉంటారు. పుస్తకం ఆలస్యమై, పాఠకులకు క్షమాపణలు రాస్తూ రోజులు గడిపే చిత్రకారుల కథల్లో చాలావాటికి మూలం ఇదే. సోమరితనం కాదు, కలిసిపోయిన ఖాతాలు. ఈసారి ప్రచారానికి, అంటే కిక్‌స్టార్టర్‌లో జరిపే డబ్బు సేకరణకు, వేరే బ్యాంకు ఖాతా తెరవండి. అందులోంచి మీకు వెళ్లేది ఒక్కటే ఉండాలి: అచ్చుపని చేసిన గంటలకు ముందే రాసుకున్న కూలి. అది కూడా మిగతా బిల్లులకు డబ్బు పక్కన పెట్టాకే.

కిక్‌స్టార్టర్ 2009లో మొదలైనప్పటి నుంచీ మీరు ముందుగా పెట్టుకున్న లక్ష్య మొత్తం చేరితేనే డబ్బు, చేరకపోతే ఎవరి నుంచీ వసూలు చేయరు. ఈ పద్ధతి మీకు రక్షణ. కానీ దాన్ని చాలామంది తమ చేతులతోనే తీసేసుకుంటారు. ‘మొదటి రోజే లక్ష్యం దాటింది’ అని ప్రకటించుకోవడానికి లక్ష్యాన్ని అసలు ఖర్చులో సగానికి పెడతారు. సగం డబ్బుతో పూర్తి బాధ్యత నెత్తిన పడుతుంది. మీ లక్ష్యం అచ్చు కొటేషను, ప్యాకింగ్, రుసుములు, పన్ను, మీ కూలి అన్నీ కలిపిన మొత్తం కావాలి. వేదిక 5 శాతం, చెల్లింపుల ఖర్చు మరో 3 నుంచి 5 శాతం తీసుకున్నాక, ప్రచారం ముగిసిన సుమారు రెండు వారాలకు మిగతాది చేతికొస్తుంది. కొందరి కార్డులు చెల్లక వారి సొమ్ము అసలు రాదు. కనుక తెరమీద కనిపించిన మొత్తాన్ని నమ్ముకుని ముద్రణాలయానికి అడ్వాన్సు కట్టొద్దు. పోస్టేజీని ఇప్పుడే కలపకుండా, పుస్తకాలు పంపే ముందు విడిగా వసూలు చేయండి. ఏడాదిలో ధరలు పెరిగితే ఆ తేడా మీ జేబులోంచి పోకుండా ఉంటుంది.

2,000 ప్రతుల ఆశ ఎక్కడ పుట్టిందో తెలుసు. ఆఫ్‌సెట్ ముద్రణలో ప్లేట్లు, యంత్రం సిద్ధం చేసే ఖర్చు ఒక్కసారే పడుతుంది కాబట్టి ఎక్కువ వేసేకొద్దీ ఒక్కో ప్రతి చౌక. అంకెలు ఊహించి చూద్దాం. 800 వేస్తే ప్రతికి 10 పాళ్ల ఖర్చు, 2,000 వేస్తే 6 పాళ్లు అనుకోండి. మొత్తం ఖర్చు మొదటిదానికి 8,000, రెండోదానికి 12,000. అమ్ముడైనవి 800 అయితే, 2,000 వేసినవారికి అమ్మిన ఒక్కో ప్రతి మీద పడ్డ అసలు ఖర్చు 6 కాదు, 15. దాన్ని 10కి దించాలన్నా 1,200 ప్రతులు అమ్మాలి. మీరు ఇప్పటివరకు అమ్మిన గరిష్ఠం 600. పైగా ఇది కొత్త కథ. పాత పాత్రలను ప్రేమించినవారంతా వెంట వస్తారన్న హామీ లేదు. మిగిలిన 1,200 ప్రతులు గదిలో మంచం కింద, మంచం పైన, చివరికి మంచం స్థానంలో ఉంటాయి.

800కి, 1,200కి, 2,000కి మూడు కొటేషన్లు ఇప్పుడే తెప్పించుకోండి. ఆర్డరు మాత్రం ప్రచారం ముగిశాక, వచ్చిన ముందస్తు ఆర్డర్లకు నాలుగో వంతు కలిపి ఇవ్వండి. పుటల సంఖ్య 16 గుణిజంలో సర్దుబాటు అవుతుందేమో ముద్రణాలయాన్ని అడగండి, నాలుగైదు పుటల తేడాతో ఖర్చు మారవచ్చు. గట్టి అట్ట అందంగానే ఉంటుంది, కానీ అది అచ్చు ఖర్చుతోపాటు పోస్టేజీ బరువునూ పెంచుతుంది.

బహుమతుల విషయంలో కఠినంగా ఉండమంటాను. ప్రతి పుస్తకంలో చేత్తో బొమ్మ గీసి సంతకం పెడతానని రాశారు. ఒక్కో బొమ్మకు 15 నిమిషాలైతే 500 పుస్తకాలకు 125 గంటలు. వారానికి 40 గంటల లెక్కన మూడు వారాలకు పైగా. అవి మణికట్టు మీద పడే గంటలు. మీ వృత్తిలో ఆస్తి అంటూ ఉంటే అది ఆ చెయ్యే. బొమ్మ గీసిన ప్రతులను 40కి పరిమితం చేసి వాటికి వేరే ధర పెట్టండి. స్టిక్కర్లు ఈసారి వద్దు. వాటికి నూటికి 6 చొప్పున పోయిన డబ్బు మీకు మిగలనివ్వండి.

పన్ను నియమాలు దేశాన్ని బట్టి మారతాయి గనుక వివరాలు మీ ఆడిటరును అడగాలి. ఒక్క చిక్కు మాత్రం చాలాచోట్ల ఒకేలా ఉంటుంది. ప్రచారం డబ్బు ఆర్థిక సంవత్సరం చివర్లో వచ్చి, అచ్చు ఖర్చు తర్వాతి సంవత్సరంలో పడితే, ఖర్చు చూపకుండానే వచ్చిందంతా ఆదాయమై పన్ను పడే ప్రమాదం ఉంది. రాకడ, పోకడ ఒకే సంవత్సరంలో పడేలా ప్రచారాన్ని సంవత్సరం తొలి నెలల్లో పెట్టుకోండి. 300వ ఎపిసోడ్ తేదీతో ఇది కలవకపోతే తేదీనే వదులుకోండి.

నిజానికి ఆ రెండింటినీ ఒకే రోజు పెట్టడం నాకు మొదటి నుంచీ నచ్చలేదు. 300వ ఎపిసోడ్ రోజున పాఠకులు సంబరంగా ఉంటారు. ఆ రోజు వారిని డబ్బు అడగకుండా ఒకే ఒక్కటి అడగండి: ఈమెయిల్ చిరునామా. కొత్త కథ తొలి పుటలు ముందుగా పంపుతానంటే చాలామంది ఇస్తారు. ఆ జాబితా మీ సొంతం, ఫాలోయర్లు వేదిక సొంతం. 2017 డిసెంబరులో, చిత్రకారులకు నెలనెలా సభ్యత్వాలు వసూలు చేసిపెట్టే వేదిక పేట్రియాన్ చెల్లింపు రుసుములను సభ్యుల మీదికి మళ్లించబోయి, గగ్గోలు పుట్టాక వారం తిరక్కుండా వెనక్కి తగ్గింది. ఆలోగా చిన్న మొత్తాలిచ్చేవారు కొందరు మానుకుని వెళ్లిపోయారు, దెబ్బ చిత్రకారులకు తగిలింది. మీ నెలసరి రాబడి దాదాపు మొత్తం ఒకే వేదిక నుంచి వస్తోంది కాబట్టి పాఠకులను నేరుగా చేరే దారి మీకు పొదుపుతో సమానం. ఆరు వారాల తర్వాత ప్రచారం మొదలుపెడితే, ఆ జాబితాలో ఎందరు ఆసక్తి చూపారన్నదే మీ అచ్చు సంఖ్యకు మంచి అంచనా.

ఉద్యోగం ఎప్పుడు మానవచ్చో కూడా చెప్పాలి, లేకపోతే నేను వద్దనడమే వృత్తిగా పెట్టుకున్నానంటారు. సగటు నెలను చూడకండి. గత 12 నెలల్లో అతి తక్కువ వచ్చిన నెలను తీసుకోండి. రుసుములు, పన్ను పక్కన పెట్టాక ఆ నెల రాబడి ఇంటి ఖర్చుకూ ఆరోగ్య బీమాకూ సరిపోవాలి. ఎపిసోడ్లకు మీరు బఫర్ (ముందే గీసి పెట్టుకున్న నిల్వ) ఉంచుకున్నట్టే డబ్బుకూ ఆరు నెలల బఫర్ ఉండాలి. ఇప్పుడు మీరు 55 శాతం దగ్గర, మూడు నెలల దగ్గర ఉన్నారు. సగం దారి దాటారు. సభ్యుల సంఖ్య కంటే ముందు చిన్న మొత్తాల సభ్యత్వాన్ని సరిచేయండి. అతి తక్కువ స్థాయిలో ప్రతి చెల్లింపు మీదా పడే స్థిర రుసుము ఎక్కువ భాగం తినేస్తుంది. అదే సభ్యుడు ఏడాదికి ఒకసారి చెల్లిస్తే మీకు మిగిలేది పెరుగుతుంది. ఈలోగా పుస్తకాలు పంపే రెండు నెలలు జీతం లేని సెలవు దొరుకుతుందేమో యజమానిని అడగండి. ఆ రెండు నెలల లోటును మీ కూలిగా ప్రచారం లక్ష్యంలోనే చేర్చండి.

ఇక యాప్ వారి అడ్వాన్సు. కథ హక్కులు మీ పేరనే ఉండి, వారికి కొంతకాలం ప్రచురించే అనుమతి మాత్రమే ఇస్తుంటే ఆలోచించవచ్చు. అచ్చు పుస్తకం, అనువాదం, సినిమా హక్కులు కూడా ఆ ఒప్పందంలోనే కలిపి అడుగుతుంటే అది అడ్వాన్సు కాదు, అమ్మకం ధర. అలాంటప్పుడు ధర చాలా ఎక్కువ ఉండాలి. ఇంకో మూడు సంగతులు చూడండి. అడ్వాన్సు మీ వాటాలోంచి తిరిగి రాబట్టుకుంటారా? వారానికి ఎన్ని ప్యానెళ్లు (బొమ్మల గళ్లు) ఇవ్వాలి, జబ్బుపడితే విరామం ఉందా? యాప్ మూతపడితే హక్కులు ఎన్ని రోజుల్లో తిరిగొస్తాయి? మీరు కిక్‌స్టార్టర్‌లో పెట్టాలనుకున్నదీ ఈ కథనే కాబట్టి, అచ్చు హక్కు మీదేనని రాతపూర్వకంగా తేలేవరకు ప్రచారం పేజీ తెరవొద్దు. ఒప్పందం ముసాయిదాను సంతకానికి ముందే మేధోహక్కులు తెలిసిన న్యాయవాదికి చూపించి, ఆ రుసుమును కూడా పుస్తకం ఖర్చులోనే రాసుకోండి.