వ్యాను తాళాలు తీసుకునే ముందు

ఒరే అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "వీడు ఐస్‌క్రీము బండి ఎక్కుతానంటున్నాడ్రా, నువ్వే ఏదో ఒకటి చెప్పు" అంది. వద్దని చెప్పమని దాని ఉద్దేశం. నేను వద్దనను. పందొమ్మిదేళ్ళు బెజవాడలో ఆ బండే నడిపాను, ఐస్‌క్రీముతో పాటు గడ్డకట్టించిన బఠాణీ, పరోటా, చికెన్, రొయ్యలూ ఇల్లిల్లూ తిరిగి అమ్మాను, మీ అత్త చేతిలో గాజులు, పిల్లల చదువులు అన్నీ దాంట్లోంచి వచ్చినవే, ఇప్పుడు నడుము సహకరించక దిగాను గానీ. ఫోన్‌లో చెబితే మధ్యలో జోకులేస్తావు, అందుకని రాస్తున్నా.

నీకిచ్చేది టాటా ఏస్ మీద కట్టిన పెట్టె బండి అన్నావు కదా, దానికి నీ దగ్గరున్న ఎల్‌ఎంవీ (తేలికపాటి బండ్ల) లైసెన్సు చాలు. 7,500 కిలోల లోపు బండ్లకి లైసెన్సు మీద వేరే ట్రాన్స్‌పోర్టు ముద్ర (ఎండార్స్‌మెంటు) అక్కర్లేదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది, ఆ పేరు చెప్పి ఎవడైనా డబ్బులడిగితే ఇవ్వకు.

ఇక పెట్టె. అది ఫ్రిజ్ కాదురా, కొత్తగా వచ్చినవాళ్ళంతా బోర్లాపడేది ఇక్కడే. ఈ బండ్లలో చాలావాటికి లోపల గోడలకి ప్లేట్లుంటాయి, రాత్రంతా కరెంటుకి పెడితే అవి గడ్డకట్టి పగలంతా ఆ చలిని మెల్లగా వదులుతాయి, అంతే. సరుకుని గట్టిగా ఉంచుతాయి గానీ మెత్తబడ్డదాన్ని మళ్ళీ గట్టిపరచడం వాటివల్ల కాదు. మైనస్ 18లో ఎక్కించినదాన్ని మైనస్ 18లోనే దింపాలి, నీ పనంతా అదే. కాబట్టి తెల్లారుజామున లేవగానే ముందు పెట్టెలో చలెంతుందో చూపించే మీటరు చూడు, మొహం తర్వాత కడుక్కోవచ్చు, ఎందుకంటే రాత్రి రెండింటికి కరెంటు పోయి నాలుగింటికి వచ్చినా నీకు తెలీదు, ప్లేట్లకి తెలుస్తుంది. సరుకు సర్దేటప్పుడు ఆఖరి వీధిది లోపలికి, మొదటి వీధిది తలుపు దగ్గరికి. తలుపు తీసి పట్టుకుని కబుర్లు పెట్టుకోకు. రోహిణి కార్తెలో పటమటలో ఓసారి నేను అలాగే నిలబడితే చలి తెల్లగా పొగలా నా కాళ్ళమీద నుంచి రోడ్డు మీదకి కారిపోవడం కళ్ళారా చూశాను, ఆ రోజు సాయంత్రానికి కప్పు ఐస్‌క్రీములన్నీ మూతలకి అంటుకుపోయాయి.

సరుకు తీసుకునేటప్పుడు నువ్వు కూడా చూడాలి. బఠాణీ ప్యాకెట్ చేత్తో పట్టుకుని చెవి దగ్గర ఊపు. గలగలమంటే బాగున్నట్టు. ముద్ద కట్టి ఒక రాయిలా అటూ ఇటూ దొర్లితే మధ్యలో ఎక్కడో కరిగి మళ్ళీ గడ్డకట్టిందన్నమాట, పక్కన పెట్టెయ్. పరోటా ప్యాకెట్లో అట్లు ఒకదానికొకటి అతుక్కుంటే అంతే. రొయ్యల ప్యాకెట్ అడుగున మంచు పలకలా పేరుకుంటే అదీ అంతే. ఇది నేను నేర్చుకున్నది దెబ్బ తిన్నాకే. నా మొదటి యజమాని కోల్డ్ స్టోరేజీలోంచే సగం మెత్తబడ్డ సరుకు ఎక్కించి, సాయంత్రం తిరిగొచ్చినదంతా నా వల్లే పాడైందని జీతంలో కోసేవాడు. నాలుగు నెలలు కోయించుకున్నాను. ఇప్పుడు మీ చేతుల్లో కెమెరా ఫోన్లున్నాయి, ఎక్కించే ముందు మీటరు ఫోటో, సరుకు ఫోటో తీసి వాళ్ళ వాట్సాప్‌కే పంపు, ఎవరితోనూ గొడవ పడకుండానే సగం తగువులు తీరిపోతాయి.

అమ్మకం దగ్గరికొస్తే... బెల్లు కొట్టి రెండడుగులు వెనక్కి వెయ్యి. తలుపుకి ఆనుకుని నిలబడ్డ మొగాడిని చూస్తే ఏ ఆడపిల్లకైనా భయమేగా. చెప్పులు బయటే, లోపలికి రమ్మన్నా వెళ్ళకు, మంచినీళ్ళు ఇస్తే గుమ్మంలోనే తాగు. అపార్ట్‌మెంట్లో అసోసియేషన్‌తో ఒకసారి మాట్లాడుకుని వారంలో ఫలానా రోజు, ఫలానా గంట అని ఖాయం చేసుకో. వాచ్‌మన్‌కి పండక్కి ఒక ఫ్యామిలీ ప్యాక్ ఇస్తే అది ఖర్చు కింద రాయకు.

"ఫ్రిజ్‌లో పెట్టినవి మేం తినం బాబూ" అంటారు, రోజుకి పదిమంది అంటారు. వాదించకు. "మే నెలలో మంచి పచ్చిబఠాణీ ఎక్కడ దొరుకుతుందమ్మా" అని ఒక్క మాటని ఊరుకో, లోపల నుంచి కోడలు వస్తుంది. అబద్ధం మాత్రం చెప్పొద్దు. పాల కొవ్వు బదులు వేరే నూనె కొవ్వుతో చేసిన వాటి మీద ఐస్‌క్రీము అని ఉండదు, ఫ్రోజెన్ డెసర్ట్ అని ఉంటుంది, అడిగితే ఆ అక్షరాలే చూపించు. ఎమ్మార్పీ మీద కూలింగ్ చార్జీ అని రూపాయి కూడా తీసుకోకు, అది చట్టప్రకారం తప్పు, పైగా ఆ రూపాయి గురించి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడతారు.

క్యాలెండరు జేబులో ఉండాలి. శ్రావణంలో, కార్తీకంలో చికెన్ నగ్గెట్స్ ఎక్కించుకుని తిరిగితే డీజిల్ దండగ. మంగళవారం, శనివారం ఎవరెవరు తినరో రాసి పెట్టుకో. ఇంటాయన నల్లబట్టల్లో తలుపు తీశాడంటే మాల వేసుకున్నాడు, మండలం అయ్యేవరకూ ఆ గుమ్మంలో రొయ్యల పేరెత్తకు, స్వీట్‌కార్నూ పనీరూ చెప్పు. శాకాహారం డబ్బాలు వేరుగా ఒక వైపు పెట్టు, నువ్వు తలుపు తీసినప్పుడు వాళ్ళు పెట్టెలోకి తొంగి చూస్తారు, నేను చాలాసార్లు గమనించా. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ అన్నప్పుడు చికెన్ మొహం చూసినవాళ్ళు లేరు, అప్పుడు భీమవరం రొయ్యలే నా తర్వాత బండి ఎక్కిన కుర్రాడిని గట్టెక్కించాయి.

ఇప్పుడు అసలు మాట. నువ్వు అమ్మేది సరుకు అనుకుంటున్నావు, కాదు, వాళ్ళ ఫ్రీజర్‌లో ఉన్న ఖాళీని బట్టే నీ వ్యాపారం. మన ఇళ్ళలో చాలావరకు సింగిల్ డోర్ ఫ్రిజ్‌లు, పైన ఆ చిన్న అర, అందులో ఇప్పటికే ఐస్ ట్రే, మల్లెపూలు, అల్లం వెల్లుల్లి ముద్ద. మొహమాటపెట్టి ఐదు ప్యాకెట్లు అంటగట్టావనుకో, రెండు పడతాయి, మూడు కింద అరలో కరుగుతాయి, వచ్చే వారం నీ బెల్లు వినిపించినా తలుపు తియ్యరు. ఆవిడ నాలుగు అడిగితే "మూడు చాలమ్మా, వచ్చే గురువారం మళ్ళీ వస్తాగా" అను. మా సూపర్‌వైజరు దీనికి నన్ను తిట్టని రోజు లేదు. కానీ ఆ మాట కోసమే నాకు పోరంకి లైన్లో పదకొండేళ్ళు ఒకే ఇళ్ళు నిలబడ్డాయి.

పది నిమిషాల్లో సరుకు ఇంటికి తెచ్చే యాప్‌ల సంగతేంటి అని అడుగుతావు. అడగాల్సిందే. అమెరికాలో ష్వాన్స్ అని, 1952లో మిన్నెసోటాలో ఒకాయన పాత వ్యానులో ఐస్‌క్రీము పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మొదలెట్టాడు, పసుపు బండ్లతో దేశమంతా పాకింది, చివర్లో పేరు కూడా యెల్లో అని మార్చుకున్నారు, 2024 నవంబరులో మూసేశారు. డెబ్బైరెండేళ్ళు! మా తోడల్లుడి కొడుకు అక్కడి నుంచి ఆ వార్త పంపితే ఆ రోజు నాకు అన్నం సహించలేదు, ఎందుకో. కాబట్టి జీవితాంతం ఇదే అనుకోకు, ఐదేళ్ళు చెయ్యి, ఈలోగా నీ పేరు మీద ఫుడ్ రిజిస్ట్రేషన్ తీసుకుని ఒక డీప్ ఫ్రీజర్ పెట్టుకునేంత వెనకేసుకో.

అప్పు ఇవ్వడం తప్పదు, పుస్తకం నీ చేత్తో రాయి. ఫోన్‌పే స్క్రీన్‌షాట్ చూపిస్తే నమ్మకు, నీ ఫోన్‌లో పడిందో లేదో చూసుకునే కదులు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు నా ఖాతాలో ముప్పై ఇళ్ళ పైనే ఉన్నాయి. నీళ్ళు తీశాక వెళ్తే ఫ్రిజ్‌లు వీధిలో వెల్లకిలా పడున్నాయి, తలుపులు ఊడి, ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. పుస్తకం బండిలోనే వదిలేసి తాగునీళ్ళ క్యాన్లు దింపి వచ్చా. సంక్రాంతికల్లా సగం పైన వాళ్ళంతట వాళ్ళే ఇచ్చారు, మిగతాది మీ అత్తకి ఇంకా చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

ఎండలోంచి పెట్టెలోకి, పెట్టెలోంచి ఎండలోకి రోజుకి నూటయాభైసార్లు తల పెడతావు, జలుబు వదలదు, చెవులు కప్పుకో. గ్లౌజులు రెండు జతలు, ఒకటి తడిస్తే ఇంకోటి. బస్తా ఎత్తేటప్పుడు మోకాళ్ళు వంచు, నా నడుము చూశావుగా.

గురువారం తెల్లారుజామున నాలుగున్నరకి గొల్లపూడి సెంటర్లో ఉండు, నా తర్వాత ఎక్కిన ఆ కుర్రాడి బండిలో ఒక రౌండు తిప్పుతా. మీ నాన్న పాత స్వెట్టరు ఉంటే తెచ్చుకో, కొత్తది తేవొద్దు, చేపల వాసన పడుతుంది.

మీ మావయ్య